ఈడు రాకముందే పాఠం రావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యాశాఖలు చూస్తున్న మంత్రివర్యులకు,

మన ఊళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే ఆ సంగతి ఊరంతటికీ తెలుస్తుంది. పందిరి వేస్తారు, చిమ్మిలి దంచి పెడతారు, మేనమామ చీర తెస్తాడు. స్తోమతున్న ఇల్లయితే ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, సెంటర్లో ఫ్లెక్సీ. ఇంత సందడిలోనూ చాలా ఇళ్లలో ఆ పిల్లకి ఎవరూ చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది: ఆ రక్తం ఎక్కణ్నుంచి వచ్చింది, ఎందుకు వచ్చింది, మళ్లీ ఎన్నాళ్లకి వస్తుంది అన్నది. అక్కడ కూర్చో, ఇది ముట్టుకోకు, మగపిల్లలతో తిరక్కు అనే మూడు ఆజ్ఞలతో పని కానిచ్చేస్తాం. మగపిల్లాడికైతే ఆ మూడు ముక్కలు కూడా దక్కవు. శరీరం గురించి నలుగురిలో మాట్లాడటం మన సంస్కృతి కాదనేవాళ్లు ముందుగా ఈ ఫ్లెక్సీ సంగతి తేల్చాలి. ఈడు వచ్చిందని చాటడానికి మనకు సిగ్గు లేదు, అదేమిటో వివరించడానికే ఉంది.

ఈ లేఖలో నేను కోరేది ఒక్కటే. ఎదిగే శరీరం, నెలసరి, సంతానోత్పత్తి, లైంగిక ఆరోగ్యం, తన ఒంటి మీద తనకున్న హక్కు, అందుకు కాపలాగా ఉన్న చట్టం... వీటి పాఠాలు రెండు రాష్ట్రాల్లోనూ ఆరో తరగతి నుంచే మొదలవ్వాలి. ఆడపిల్లలకీ మగపిల్లలకీ, టైంటేబుల్లో వారానికో గంటగా, రాసిన పుస్తకంతో. లైంగిక విద్య కావాలా, వద్దా అన్న చర్చ ఇరవై ఏళ్లుగా నలుగుతూనే ఉంది. మిమ్మల్ని మళ్లీ అందులోకి లాగాలని లేదు. పాఠం ఉండాలని ఒప్పుకునేవాళ్లు కూడా దాన్ని ఏ వయసులో చెప్పాలన్న దగ్గరికి వచ్చేసరికి వెనకాడుతున్నారు. "ఇంకాస్త పెద్దయ్యాక" అంటున్నారు. ఆ మాట దగ్గరే మొత్తం దెబ్బతింటోందని నా వాదన.

ఒంటి క్యాలెండరునీ సిలబస్ క్యాలెండరునీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆడపిల్లల్లో యవ్వన మార్పులు 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవడం సహజమని వైద్యశాస్త్రం చెబుతోంది. ఆడపిల్లకి రొమ్ములు మొగ్గ తొడిగాక సుమారు రెండు, రెండున్నరేళ్లకి తొలి నెలసరి వస్తుంది. అంటే ఆరో తరగతిలో కూర్చున్న పదకొండేళ్ల పిల్లల్లో చాలామందికి ఈ మార్పు మొదలైపోయి ఉంటుంది. ఏడో తరగతి దాటేసరికి ఆడపిల్లల్లో చాలామందికి నెలసరి కూడా వచ్చేస్తుంది. మన బళ్లలో కౌమార దశ మీద పాఠం ఏళ్ల తరబడి ఎనిమిదో తరగతిలో ఉంటూ వచ్చింది, ప్రత్యుత్పత్తి పదో తరగతిలో. ఎన్‌సీఈఆర్‌టీ తన కొత్త సైన్సు పుస్తకం 'క్యూరియాసిటీ'లో కౌమార పాఠాన్ని ఏడో తరగతిలో పెట్టింది. అది సరైన దిశలో పడిన అడుగే గానీ ఇంకో అడుగు వెనక్కి జరగాలి. ఆలస్యం వల్ల నష్టమేమిటంటారా? తొలి రెండేళ్లూ నెలసరి క్రమంగా రాకపోవడం మామూలేనని తెలియని పిల్ల, నెల తప్పితే ఏదో జబ్బనుకుంటుంది. ఎదిగే వయసులో సగానికి పైగా మగపిల్లలకు కొద్దిపాటి రొమ్ము వాపు వస్తుంది, చనుమొన వెనక చిన్న గడ్డలా తగులుతుంది, ముట్టుకుంటే నొప్పి. ఏడాది రెండేళ్లలో అదే తగ్గిపోతుంది. ఈ ఒక్క వాక్యం ముందే చెప్పేవాళ్లు లేక ఎంతమంది పిల్లలు చొక్కా విప్పడం మానేస్తారో, ఈతకీ ఆటలకీ దూరమవుతారో, తాము ఆడపిల్లలుగా మారిపోతున్నామేమోనని లోపల్లోపల కుమిలిపోతారో పిల్లల డాక్టర్లను అడిగితే చెబుతారు. నిద్రలో వీర్యస్ఖలనం కూడా అంతే. అది ఆరోగ్యమే, అందులో తప్పూ లేదు, బలహీనతా లేదు. పదమూడో ఏట ఈ మాట బడి చెప్పకపోతే పదిహేనో ఏట గోడ చెబుతుంది.

గోడలు ఏం చెబుతున్నాయో రైల్లో వెళ్లే ఎవరికైనా తెలుసు. నరాల బలహీనత, గుప్తరోగాలు, చిన్నతనపు తప్పులు, ఒకే కోర్సుతో గ్యారంటీ. లైంగిక శక్తి పెంచుతామంటూ మందుల ప్రకటనలు వేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. డెబ్భై ఏళ్లు దాటినా గోడల మీద సున్నం ఆరలేదు, యూట్యూబులో అదే సరుకు కొత్త ప్యాకింగులో దొరుకుతోంది. అవతలి పక్క మన భాషలో ఈ విషయాలను శాస్త్రీయంగా, మర్యాదగా రాసినవాళ్లు లేకపోలేదు. విజయవాడ డాక్టర్ జి. సమరం ఎన్నో ఏళ్లపాటు వారపత్రికలో పాఠకుల సందేహాలకు జవాబులిచ్చారు. ఆ శీర్షికకు అంత ఆదరణ రావడం చూసి మనం సంబరపడ్డాం గానీ, బడిలో తీరాల్సిన సందేహాలు పెళ్లయిన వయసులో పోస్టుకార్డు మీదికి ఎందుకొస్తున్నాయని అడగలేదు. ఇప్పుడు ఆ కార్డు స్థానంలో సెల్‌ఫోన్ ఉంది. గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని 2024 అసర్ విద్యా సర్వే నివేదిక తేల్చింది. వాళ్లలో సర్వేకు ముందు వారంలో చదువు కోసం దాన్ని వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. అశ్లీల వీడియోకి వయసు పరిమితి లేదు, సిలబస్ పరిమితీ లేదు. అది చూసిన పిల్లవాడికి ఆడదాని ఇష్టం అంటూ ఒకటుంటుందని ఎక్కడా కనపడదు. పాఠానికి ముందే అది చేరితే, తర్వాత వచ్చే పాఠం పలక తుడిచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఇక ఆలస్యంగానైనా ఉన్న పాఠం ఎలా నడుస్తోందో మీ శాఖల్లో తెలియనివాళ్లుండరు. పువ్వు నిలువుకోత బొమ్మ దగ్గర గంటసేపు ఆగిన మాస్టారు మనిషి దగ్గరికొచ్చేసరికి "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అనేస్తారు. ఆయన్ని నిందించి లాభం లేదు. శిక్షణ ఇవ్వలేదు, ఎంతవరకు చెప్పాలో రాసిన కాగితం చేతిలో లేదు, రేపు ఎవరో తండ్రి వచ్చి హెడ్మాస్టరు గది ముందు గొడవ చేస్తే వెనకుండేవాళ్లు లేరు. అలాంటప్పుడు పేజీ తిప్పేయడమే ఆయనకు క్షేమం.

దీనికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019-21, చెబుతోంది. 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశం మొత్తం మీద 23.3. సర్వే నాటికి 15 నుంచి 19 ఏళ్ల మధ్య ఉండి అప్పటికే తల్లయినవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. దేశ సగటు 6.8. ఐటీలో, అమెరికా వీసాల్లో ముందున్నామని చెప్పుకునే రాష్ట్రంలో ప్రతి ఎనిమిదిమంది ఆడపిల్లల్లో ఒకరు పందొమ్మిది దాటకముందే కడుపుతోనో బిడ్డతోనో ఉన్నారు. తెలంగాణలో ఈ సంఖ్య 5.8 శాతం, దేశ సగటు కంటే నయం, అయినా కేరళ 2.4 పక్కన పెడితే రెట్టింపు పైనే. బాల్యవివాహానికి పాఠం లేకపోవడమే కారణమని నేననను. పేదరికం, వలస, దగ్గర్లో కాలేజీ లేకపోవడం, "ఏదైనా జరిగితే" అన్న తల్లిదండ్రుల భయం, ఇవే పెద్ద కారణాలు. కానీ పదహారో ఏట పెళ్లయిన పిల్ల వెంటనే గర్భం ధరించడం వెనక మాత్రం తెలియనితనం వాటా పెద్దది. గర్భం ఎలా వస్తుందో, ఎలా వాయిదా వేసుకోవచ్చో, ఎదగని ఒంటికి కాన్పు ఎంత ప్రమాదమో ఆమెకి ఏ తరగతిలో చెప్పాం? పదో తరగతిలో చెబుదామని దాచి ఉంచాం. ఆమె తొమ్మిదిలోనే బడి మానేసింది. ఇదే సర్వేలో హెచ్‌ఐవీ మీద సమగ్రమైన అవగాహన ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద స్త్రీలలో 21.6 శాతం, పురుషుల్లో 30.7 శాతమే. మూడు దశాబ్దాల ప్రచారం, టీవీ ప్రకటనలు, బస్సుల వెనక బోర్డులు అన్నీ అయ్యాక మిగిలిన లెక్క ఇది.

లైంగిక హింస సంగతి ఇంకా బరువైనది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పినవాళ్లు 53.22 శాతం. ఎక్కువ నమోదైన రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. వేధింపు ఎదురైందన్న పిల్లల్లో సగం కంటే ఎక్కువమంది మగపిల్లలు. ఈ మాట చాలామందికి మింగుడుపడదు, అందుకే దాన్ని ఎవరూ ఎత్తరు. చేసినవాళ్లలో సగంమంది పిల్లలకి తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. పిల్లల్లో అత్యధికులు ఎవరికీ చెప్పుకోలేదు. ఎలా చెప్పుకుంటారు? ఏ అవయవాన్ని ఏమంటారో తెలియదు, జరిగింది తప్పో కాదో తెలియదు, తప్పయితే అది తనదేమోనని భయం. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. అది ఎంత పదునైన చట్టమైనా పిల్ల నోటి నుంచి ఒక వాక్యం వస్తేనే కదులుతుంది. ఆ వాక్యం చెప్పడం నేర్పాల్సింది బడి, అదీ ఆరో తరగతి కంటే ముందే. మంచి స్పర్శ, చెడు స్పర్శ అంటూ చిన్న తరగతుల్లో ఒక పూట బొమ్మలు చూపించి వెళ్లిపోతున్నాం. పదకొండేళ్లొచ్చాక ప్రమాదం రూపం మారుతుంది. బెదిరింపు ఫోటో, ఇన్‌స్టాగ్రాం స్నేహం, ప్రేమ పేరుతో ఒత్తిడి, అదే క్లాసు పిల్లల ఏడిపింపులు. సరిగ్గా ఆ వయసులోనే మన పాఠం మాయమవుతోంది.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. మొదటిది, అందరూ అనేది: చెబితే లేనిపోని కుతూహలం రేగుతుంది, చెడిపోతారు. ఇది ఊహ మీద నిలబడిన భయం, దీన్ని పరీక్షించి చూశారు కూడా. యునెస్కో 2018లో సవరించి ప్రచురించిన అంతర్జాతీయ మార్గదర్శకానికి ముందు 22 క్రమబద్ధ సమీక్షలనూ 77 నియంత్రిత ప్రయోగాలనూ పరిశీలించారు. ఇలాంటి విద్య వల్ల లైంగిక చర్య ముందుకు జరగడం గానీ, పెరగడం గానీ కనిపించలేదు. చాలాచోట్ల తొలి అనుభవం ఆలస్యమైంది, రిస్కు తగ్గింది. సరే, అసలేమీ చెప్పకుండా "పెళ్లిదాకా ఆగండి" అని మాత్రమే చెబితే? దాన్నీ చూశారు. అమెరికాలో ప్రభుత్వ నిధులతో నడిచిన అలాంటి నాలుగు కార్యక్రమాల మీద 2007లో ఒక పెద్ద మదింపు వచ్చింది. రెండు వేలమందికి పైగా పిల్లల్ని కొన్నేళ్లపాటు గమనించారు. ఆ బోధన విన్నవాళ్లకీ విననివాళ్లకీ తొలి అనుభవపు సగటు వయసు ఒక్కటే, 14.9 ఏళ్లు. నీతిబోధ పిల్లల్ని చెడగొట్టలేదు, కాపాడనూ లేదు. ఈ రుజువుల్లో ఎక్కువ భాగం పరాయి దేశాలవన్న మాట నిజమే. మన దగ్గర జార్ఖండ్ ప్రభుత్వ బడుల్లో 'ఉడాన్' పేరుతో కౌమార విద్య 2006 నుంచి నడుస్తోంది. అక్కడి పిల్లలు చెడిపోయారని ఎవరూ అనలేదు సరికదా, సుప్రీంకోర్టే దాన్ని మంచి నమూనాగా ఉదహరించింది.

రెండో అభ్యంతరం సంస్కృతి. దీనికి ఒక చరిత్ర ఉంది, అందులో మనవాళ్లకీ పాత్ర ఉంది. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. బోధన కోసం పంపిన బొమ్మల చార్టుల మీద 2007లో గగ్గోలు లేచి మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. ఆ బొమ్మల్లో కొన్ని పిల్లల వయసుకు తగినవి కావన్న విమర్శలో కొంత న్యాయం ఉంది. మార్చాల్సింది బొమ్మలని, పాఠం మొత్తాన్నీ అటకెక్కించారు. తర్వాత వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ దీన్ని విచారించి 2009లో నివేదిక ఇచ్చింది. బళ్లలో లైంగిక విద్య వద్దు, పెళ్లికి ముందు సంబంధం తప్పని బోధించాలి, హెచ్‌ఐవీ, శరీర ఎదుగుదల వంటి అంశాలు ఇంటర్మీడియట్ స్థాయి జీవశాస్త్రంలో ఉంటే చాలు అన్నది దాని సారాంశం. పెద్దల ఉద్దేశాన్ని శంకించను. కానీ ఈ సిఫారసు తెలుగు నేల మీద ఏమవుతుందో ఒక్కసారి చూడండి. మన ఇంటర్‌లో జీవశాస్త్రం చదివేది బైపీసీ వాళ్లు. ఎంపీసీ, ఎంఈసీ, సీఈసీ పిల్లలకి పదో తరగతితోనే ఆ సబ్జెక్టుకి సెలవు. అంటే మెడిసిన్ సీటు కోసం పోటీపడే పిల్లలకే తమ శరీరం గురించి తెలుసుకునే అర్హత ఉన్నట్టు, ఇంజినీరు కాబోయేవాడికీ ఆడిటరు కాబోయే అమ్మాయికీ అలాంటి శరీరమే లేనట్టు. పదో తరగతితో చదువు ఆపేసి మిర్చి కోతకో, స్పిన్నింగ్ మిల్లుకో పోయే పిల్లలైతే ఆ కమిటీ లెక్కలోకే రాలేదు.

లైంగిక విద్య పడమటి సరుకు అన్న అభిప్రాయం అపోహేనని 2024 సెప్టెంబరులో, పిల్లల అశ్లీల చిత్రాల కేసు తీర్పులో, సుప్రీంకోర్టు స్పష్టంగా రాసింది. 2025 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌కి చెందిన ఒక బాలుడి కేసులో మరో అడుగు ముందుకేసింది. మా రాష్ట్రంలో తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఈ పాఠాలున్నాయని ప్రభుత్వం చెబితే, తొమ్మిదో తరగతి దాకా ఎందుకు ఆగాలి, ఇంకా చిన్న వయసు నుంచే పాఠ్యప్రణాళికలో ఉండాలని ధర్మాసనం అంది. నేనడిగేది కూడా అదే.

మూడోది కాస్త మర్యాదైన అభ్యంతరం: ఇది తల్లిదండ్రుల పని, బడికెందుకు? తల్లిదండ్రుల పనే. చెప్పగలిగినవాళ్లు చెప్పనివ్వండి, వాళ్లకి బడి అడ్డం కాదు. కానీ తమకే ఎవరూ చెప్పనివాళ్లు తమ పిల్లలకి ఏం చెబుతారు? పైగా రెండు రాష్ట్రాల్లో లక్షలాది పిల్లలు కన్నవాళ్లకి దూరంగా గురుకులాల్లో, కస్తూరిబా విద్యాలయాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో పెరుగుతున్నారు. వాళ్లకి అమ్మైనా నాన్నైనా వార్డెనే. వార్డెన్ చేతిలో పెట్టేసి ఊరుకుంటే ఏమవుతుందో ఖమ్మం జిల్లా చూసింది. 2009లో అక్కడ పాథ్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ప్రయోగాత్మక కార్యక్రమం నడిపాయి. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొన్ని మరణాల తర్వాత 2010లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ అంగీకార పత్రాలు తీసి చూస్తే 9,543లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవీ హెడ్మాస్టర్లవీ, 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే, ఆ క్యాన్సర్ నుంచి కాపాడేదే. అయితే గర్భాశయం అంటే ఏమిటో, అది తన ఒంట్లో ఎక్కడుంటుందో తెలియని పిల్లకి, ఆమె తల్లికి, దాని క్యాన్సర్‌కి సూది వేస్తామంటే అది అంగీకారం ఎలా అవుతుంది? శరీరం గురించి చెప్పకుండా శరీరానికి చేసే మేలు కూడా అనుమానంగానే మిగులుతుంది.

తల్లిదండ్రుల్ని ఒప్పించడం కష్టమని మీ అధికారులు అంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు నుంచి జరుగుతున్న మెగా పేరెంట్ టీచర్ సమావేశాలున్నాయి. ఆ రోజు ఆరో తరగతి పుస్తకాన్ని తల్లుల చేతికీ తండ్రుల చేతికీ ఇవ్వండి, చదివించండి. దాపరికం లేని పుస్తకం మీద పుకారు పుట్టదు. తెలంగాణలోనూ ఇందుకు ఒక పూట కేటాయించడం కష్టం కాదు.

చట్టం గురించి విడిగా ఒక మాట. పోక్సో ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో అంగీకారానికి విలువ లేదు. అంతకుముందు ఆ వయసు పదహారు. పదిహేడేళ్ల ఇద్దరు ఇష్టపడి ఇల్లు వదిలి వెళితే అమ్మాయి తండ్రి ఫిర్యాదుతో అబ్బాయి నిందితుడవుతాడు. ఈ వయోపరిమితి సరైనదా కాదా అన్నది వేరే చర్చ. చట్టం ఇలా ఉందని ఆ అబ్బాయికీ అమ్మాయికీ ముందే చెప్పడానికి అభ్యంతరం ఎవరికి ఉండాలి? తెలియదన్నది కోర్టులో చెల్లే జవాబు కాదని పిల్లలకి హెచ్చరిక చేస్తాం, తెలిపే బాధ్యత మాత్రం తీసుకోం. తోటి పిల్ల ఫోటోని మార్ఫింగ్ చేసి గ్రూపులో పెట్టడం ఆట కాదు, కేసు అని తొమ్మిదో తరగతి పిల్లవాడు తెలుసుకోవాల్సింది బడిలోనా, స్టేషన్లోనా?

ఇక పాఠం చెప్పేవాళ్ల సంగతి. ఇది అసలైన ఇబ్బంది, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. రెండు రోజుల శిక్షణతో పని జరగదు. మాటలు తడబడకుండా, వెకిలితనం లేకుండా, బెదిరింపు లేకుండా చెప్పడం అభ్యాసంతో వచ్చే విద్య. అనుభవమున్నవాళ్లు వాడే ఒక చిన్న పద్ధతి ఉంది: తరగతిలో తాళం వేసిన పెట్టె పెడతారు. పేరు రాయకుండా ఎవరి సందేహం వాళ్లు చీటీ మీద రాసి వేస్తారు. ప్రశ్న లేనివాళ్లు కూడా ఖాళీ చీటీ వెయ్యాలి, అప్పుడే ఎవరు రాశారో తెలియదు. టీచరు వారం మధ్యలో వాటిని చదువుకుని, జవాబు సిద్ధం చేసుకుని, మరుసటి గంటలో చెబుతారు. ఆకతాయి ప్రశ్నలు రెండు వారాల్లో అయిపోతాయి, ఆ తర్వాత అసలువి వస్తాయి. కొన్ని గంటలు ఆడపిల్లలకీ మగపిల్లలకీ విడిగా, చాలా గంటలు కలిపే ఉండాలి. నెలసరి గురించి తెలిసిన మగపిల్లవాడు తోటి పిల్ల గౌను మీద మరక చూసి నవ్వడు. పాఠం మొదలయ్యాక ఇంకోటి కూడా జరుగుతుంది, దానికి మీరు సిద్ధపడాలి. గంట అయ్యాక ఒక పిల్ల ఆగి, తనకి జరిగింది చెబుతుంది. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం ఆ సంగతి పోలీసులకు తెలపడం టీచరు బాధ్యత, దాస్తే 21వ సెక్షన్ కింద శిక్ష. ఆ సాయంత్రం ఎవరికి ఫోన్ చేయాలి, పిల్లని ఏమడగాలి, ఏమడక్కూడదు, ఇంటికి ఎలా పంపాలి... ఇవన్నీ రాసి ఉంచాలి. చైల్డ్‌లైన్ 1098 ఉంది, సఖి కేంద్రాలున్నాయి, తెలంగాణలో భరోసా కేంద్రాలున్నాయి. మండలానికి ఒక్క కౌన్సిలరైనా లేకుండా ఈ పాఠాన్ని మొదలుపెడితే బరువంతా ఆ టీచరమ్మ మీద పడుతుంది.

కొత్తగా పథకం పెట్టమని నేను అడగడం లేదు, పథకాలకి కొదవ లేదు. రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 2014 జనవరిలో వచ్చింది. ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా నియమించే పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2020లో వచ్చింది. అందులోని పదకొండు అంశాల్లో ఎదుగుదల, ప్రత్యుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ, భద్రత, ఇంటర్నెట్ వాడకం అన్నీ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పేరుతో ఏడు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకి నెలకి పది న్యాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టి, నెలసరి గురించి మాట్లాడే పని మహిళా టీచర్లకి అప్పగించారు. అది మంచి పని, దాంతో ఊళ్లేమీ తలకిందులు కాలేదు. కానీ ఏడో తరగతి చాలామందికి ఆలస్యం, మగపిల్లలు పూర్తిగా బయట. వీటన్నిటిలోనూ ఉన్న లోటు ఒకటే: టైంటేబుల్లో చోటు లేదు. చోటు లేనిది వీలున్నప్పుడు నడుస్తుంది, మన బళ్లలో వీలున్నప్పుడు అంటే లేనట్టే. కార్పొరేట్ స్కూళ్లలో అయితే ఐఐటీ ఫౌండేషన్‌కి ఆరో తరగతి నుంచే గంటలున్నాయి. పదకొండేళ్లకి ఆ ఫౌండేషన్ పాఠాలు అర్థమవుతాయని నమ్మే మనం తన ఒంటి సంగతి అర్థం కాదని ఎలా అంటాం?

అందుకని మీ ఇద్దరికీ మనవి. రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలూ కలిసి ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పుస్తకం రాయించండి. భాష ఒక్కటే, పిల్లలు ఒక్కటే, ఇందులో విభజన పంచాయితీ ఏమీ లేదు. పిల్లల డాక్టరు, స్త్రీల డాక్టరు, న్యాయవాది, పదేళ్లు బడిలో పనిచేసిన టీచరు, దివ్యాంగ పిల్లలతో పనిచేసేవాళ్లు ఆ పనిలో ఉండాలి. వారానికో గంట అని జీవోలో రాయండి, ప్రైవేటు స్కూళ్లకీ అది వర్తించేలా చూడండి. పాఠం చెప్పిన టీచరు మీద ఫిర్యాదు వస్తే శాఖ వెనక నిలబడుతుందని అదే జీవోలో రాయండి. ఇంటర్ మొదటి సంవత్సరంలో గ్రూపుతో పని లేకుండా అందరికీ ఒక చిన్న కోర్సు పెట్టండి. కమిటీ వేసి రెండేళ్లు ఆగితే ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్నవాళ్లు ఎనిమిదికి వచ్చేస్తారు. వచ్చే జూన్‌లో బడి గంట కొట్టేనాటికి ఆరో తరగతి పాఠాలైనా సిద్ధం చేయించండి.